మాస్టారి పాటల వెబ్‌సైటు: ఆర్కైవ్‌లోంచి బయటికి తీసిన ఒక కేసు

2024 ఆగస్టులో కోనసీమ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళ నాన్నగారు తెలుగు మాస్టారు. రిటైరయ్యాక చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిల్ మీద తిరిగి ఆడవాళ్ళ పాటలు రాసుకున్నారు. దంపుడు పాటలు, ఊడ్పుల పాటలు, లాలిపాటలు, నలుగు పాటలు, అప్పగింతలు, గొబ్బి పాటలు, ఏవి దొరికితే అవి. 2001 నుంచి 2005 దాకా వాటిని ఒక వెబ్‌సైటులో పెట్టారు. టైపు చేసి ఎక్కించింది రాజమండ్రిలో నెట్ సెంటర్ నడిపిన ఆయన పాత శిష్యుడు. ఆ సెంటర్ ఎప్పుడో మూతపడింది, కంప్యూటర్లు పాత సామాన్ల కొట్టుకి పోయాయి. మాస్టారి నోటు పుస్తకాలు 2006 ఆగస్టులో గోదావరి వరదకి తడిసి ముద్దయ్యాయి. 2019లో మాస్టారు కూడా పోయారు. అంటే ఆ పాటలకు మిగిలిన కాపీ ఆ వెబ్‌సైటు ఒక్కటే. అది కూడా ఇప్పుడు లేదు.

"అడ్రస్ ఉంది తమ్ముడూ, కానీ కొడితే ఏమీ రావట్లేదు" అన్నారు. పాత సైట్లు తీసి ఇవ్వడం నా పని. వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం వ్యాపార సైట్లవి, ట్రేడ్‌మార్క్ తగాదాలవి. ఇలాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఈ కేసును పూర్తిగా రాయాలనిపించింది. ఆర్కైవ్‌లో పేజీ దొరకడం వేరు, ఆ పేజీలోని తెలుగు దొరకడం వేరు అని నాకు ఇంత గట్టిగా తెలిసింది ఈ కేసులోనే.

అడ్రస్‌లో వంకర గీత

అక్క వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో మాస్టారు నీలం సిరాతో రాసుకున్న అడ్రస్. ఆవిడ అందులో చూసినట్టే ఒక అడ్డగీత కొట్టి, పాత వెబ్ పేజీల నకళ్ళు దొరికే వేబ్యాక్ మెషీన్‌లో వెతికారు. ఏమీ రాలేదు. ఇంకెవరో కుర్రాణ్ణి అడిగితే అతనూ అలాగే కొట్టి, లేదని చెప్పాడట.

ఫోటో పెద్దది చేసి చూస్తే ఆ గీత తిన్నగా లేదు, కొంచెం వంకరగా ఉంది. మాస్టారి దస్తూరీ ముత్యాల్లాంటిది. ఆయన గీత వంకర పోయిందంటే అది వంకరగానే గీశారన్నమాట. అది టిల్డా (~). ఆ రోజుల్లో డయలప్ కనెక్షన్ తీసుకున్నవాళ్ళకి ఇంటర్నెట్ కంపెనీలు సొంత పేజీలు పెట్టుకోవడానికి కొన్ని ఎంబీల చోటు ఊరికే ఇచ్చేవి. అలాంటి పేజీల అడ్రస్‌లో యూజర్ పేరు ముందు టిల్డా ఉండేది. అది పెట్టి వెతికితే నకళ్ళ తారీఖులు చూపించే క్యాలెండర్ తెరుచుకుంది. 2001 నుంచి 2011 దాకా చుక్కలు కనిపించాయి.

చేతిరాత అడ్రస్ ఎప్పుడు వచ్చినా నేను ముందు ఇలాంటివే చూస్తాను: సున్నానా, ఓ అనే అక్షరమా, ఒకటి అంకెనా, ఎల్ అనే అక్షరమా, అడ్డగీతా, అండర్‌స్కోరా, టిల్డానా. ఆర్కైవ్‌లో లేదని తేల్చేముందు అడ్రస్ సరిగ్గా చదివామా అన్నది తేలాలి.

చివరి నకలు మంచి నకలు కాదు

వేబ్యాక్ మెషీన్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్రూస్టర్ కాల్ 1996లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్ మొదలుపెట్టారు. అప్పటినుంచి వెబ్ పేజీల నకళ్ళు పోగవుతున్నాయి, 2001 అక్టోబరులో వాటిని అందరూ చూసే వీలు కల్పించారు. 2025 అక్టోబరుకి లక్ష కోట్ల పేజీలు దాటాయి. అందులో ఒక పేజీ ఉందా లేదా అన్నది, ఆ రోజుల్లో వాళ్ళ క్రాలర్ (లింకులు పట్టుకుని తిరుగుతూ పేజీలు నకలు చేసే ప్రోగ్రాము) ఆ దారిన వచ్చిందా, ఏ లింకు పట్టుకుని ఎంత లోపలికి వెళ్ళింది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఏ పేజీ ముఖ్యమో చూసి ఎవరూ ఏరి పెట్టలేదు.

క్యాలెండర్‌లో చుక్కల రంగులు చూడాలి. నీలం అంటే పేజీ సరిగ్గా వచ్చింది. ఆకుపచ్చ అంటే ఇంకోచోటికి పంపించింది. నారింజ అంటే ఆ పేజీ లేదని సర్వర్ చెప్పింది. ఎరుపు అంటే సర్వరే తప్పింది. అక్క 2011 నాటి నీలం చుక్క నొక్కారు. లోన్లు, హోటళ్ళు, రింగ్‌టోన్ల ప్రకటనలు వచ్చాయి. ఇంటర్నెట్ కంపెనీ మూతపడ్డాక డొమైన్ చేతులు మారి ప్రకటనల పేజీ అయింది. ఆ పేజీ సర్వర్ లెక్కలో సరిగ్గానే వచ్చింది కాబట్టి చుక్క నీలంగానే ఉంది. నీలం చుక్కని నమ్మి, చివరి తారీఖు తెరిచి, ఏమీ లేదని వదిలేసినవాళ్ళు నా దగ్గరికే చాలామంది వచ్చారు. వెనక్కి నడవాలి. మేం 2010, 2009, 2008 దాటి 2006 ఫిబ్రవరికి వచ్చేసరికి మాస్టారి హోమ్ పేజీ కనపడింది. పైన సరస్వతి బొమ్మ, కింద చదవలేని అక్షరాలు.

ఒక్కో పేజీ నొక్కుకుంటూ పోతే ఈ పని తెమలదు. వేబ్యాక్ మెషీన్ వెనక సీడీఎక్స్ అనే సూచిక ఉంటుంది. ఒక అడ్రస్ ఇచ్చి, దానితో మొదలయ్యేవన్నీ ఇమ్మని అడిగితే ఒక్కో నకలుకి ఒక్కో వరస వస్తుంది. అడ్రస్, 14 అంకెల తారీఖు సమయం, ఫైలు రకం, సర్వర్ జవాబు, ఫైలు వేలిముద్ర లాంటి ఒక కోడ్, సైజు అందులో ఉంటాయి. మా సైటుకి 412 వరసలు వచ్చాయి. వేలిముద్ర ఒకటే ఉన్నవాటిని కలిపేసి, ప్రకటనల పేజీలు తీసేస్తే 96 ఫైళ్ళు మిగిలాయి. వాటిని దింపుకునేటప్పుడు అడ్రస్‌లో ఆ 14 అంకెల తర్వాత ఐ, డీ అనే రెండు అక్షరాలు, ఒక అండర్‌స్కోర్ చేర్చాలి. అప్పుడు ఆర్కైవ్ తన పట్టీ వేయకుండా, లింకులు మార్చకుండా, ఆనాడు సర్వర్ ఇచ్చిన ఫైలుని ఉన్నదున్నట్టు ఇస్తుంది. ఇది ఎంత అవసరమో తర్వాత తెలిసింది.

ఈలోపు అక్కకి ఒక టెన్షన్. సైటు రెండు ఫ్రేములుగా ఉండేది, ఎడమవైపు పాటల జాబితా, కుడివైపు పాట. జాబితాలో 61 పాటలు ఉన్నాయి, కుడివైపు సూచిక పేజీలో మాత్రం 22 కనిపిస్తున్నాయి. "మిగతావన్నీ పోయినట్టేనా?" అని ఏడుపు గొంతుతో అడిగారు. పోలేదు. జాబితా ఫ్రేము 2005 నకలు, కుడివైపు ఫ్రేము 2002 నకలు. మీరు అడిగిన తారీఖుకి దగ్గరగా ఏ ముక్క ఉంటే ఆ ముక్కని ఆర్కైవ్ తెచ్చి అతుకుతుంది. తెర మీద ఒకే పేజీలా కనపడుతుంది కానీ, ఆ రూపంలో ఆ పేజీ ఏనాడూ ఎవరికీ కనపడలేదు. కోర్టు కేసుల్లో ఇది మరీ ప్రమాదం. అందుకే నేను పేజీ తారీఖుతో పాటు, అందులో ఉన్న ప్రతి ఫ్రేముకీ ప్రతి బొమ్మకీ తారీఖు విడిగా రాసుకుంటాను.

అక్షరాలు ఫాంటులో ఉండిపోయాయి

అసలు పని ఇక్కడ మొదలైంది. 61 పాటల్లో 50 పేజీలు చేతికొచ్చాయి. ఒక్కటీ చదవలేం. తెలుగు ఉండాల్సిన చోట టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, పౌండు గుర్తులు.

అప్పటికే, ప్రతి అక్షరానికీ అందరూ ఒప్పుకున్న ఒకే నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉంది. కానీ ఊళ్ళల్లో, నెట్ సెంటర్లలో చాలా ఏళ్ళు విండోస్ 98 నడిచింది. దానికి యూనికోడ్ తెలుగు చూపించడం రాదు. అందుకే తెలుగు సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు వాడాయి. ఆ ఫాంట్లలో 256 గదులే ఉంటాయి, వాటిలో కొన్ని వాడటానికి కుదరదు. మన గుణింతాలూ వత్తులూ అందులో పట్టవు. కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, గుడి ఇంకో గదిలో, వత్తులు వేరే గదుల్లో. ఏ ముక్క ఏ గదిలో ఉందో ఆ ఫాంటు చేసినవాళ్ళకే తెలుసు. పేజీలో ఉండేది గదుల నంబర్లు మాత్రమే. ఆర్కైవ్ ఆ నంబర్లను భద్రంగా దాచింది. వాటిని తెలుగుగా చూపించే ఫాంటుని దాచలేదు.

ఫాంటు కోసం చాలా వెతికాను. పేజీలో ఒక ఈఓటీ ఫైలు పేరు ఉంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేజీతోపాటు దింపుకునే ఫాంటు ఫైలు అది. సీడీఎక్స్ జాబితాలో దానికి ఒక్క వరస కూడా లేదు. అలాంటి ఫైళ్ళు ఫలానా సైటులోనే పనిచేసేలా కట్టేసి ఉండేవి, అందుకే ఇంకోచోట కాపీ దొరికే ఆశ కూడా తక్కువ. రాజమండ్రిలో ముగ్గురు డీటీపీవాళ్ళని అడిగాను. వాళ్ళ దగ్గర అను ఫాంట్లు ఉన్నాయి కానీ ఇది లేదు. పాత పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఒకప్పుడు ఉండేది. తెలుగు వెబ్‌కి అది చేసిన మేలు చాలా పెద్దది. మాస్టారి ఫాంటు అందులోనూ లేదు.

ఇక నంబర్లనే విప్పాలి. తెలిసిన మాట తెలియని గుర్తుల్లో ఎక్కడుందో పట్టుకుంటే దారి దొరుకుతుంది. మాకు రెండు ఆధారాలు దొరికాయి. మొదటిది, మాస్టారు కొన్ని పాటల పేర్లను పెద్ద అక్షరాలతో బొమ్మలుగా పెట్టారు. అలాంటి బొమ్మలు 19 దొరికాయి. అవే పేర్లు పేజీ లోపల నంబర్లలోనూ ఉన్నాయి. రెండోది పల్లవులు. దంపుడు పాటలో "సువ్వి" మళ్ళీ మళ్ళీ వస్తుంది. లాలిపాటలో "జోజో" వస్తుంది. సంక్రాంతి పాటలో "గొబ్బి" వస్తుంది. పేజీలో ప్రతి చరణం చివర ఒకే గుర్తుల గుంపు తిరిగి తిరిగి వస్తుంటే అది పల్లవే. "సువ్వి" తెలిస్తే సకారం, కొమ్ము, వకారం, గుడి, వ వత్తు ఐదూ తెలిసినట్టే. "గొబ్బి"తో ఇంకో నాలుగు. నాలుగు రోజుల్లో సగం గదులు తెరుచుకున్నాయి.

ఇక్కడ నావల్ల ఒక పొరపాటు జరిగింది. మొదట్లో గుర్తుల్ని బ్రౌజర్‌లోంచి కాపీ చేసుకున్నాను. లెక్క కుదరట్లేదు. ఒకే మాట ఒకచోట ఏడు గుర్తులు, ఇంకోచోట ఆరు. 173వ గదిని బ్రౌజర్ కంటికి కనపడని విరుపు గుర్తు అనుకుంటుంది. 160వ గదిని ఖాళీ అనుకుంటుంది. ఈ ఫాంటులో ఆ రెండు గదుల్లో తెలుగు ముక్కలు ఉన్నాయి, కాపీ చేసేటప్పుడు రాలిపోతున్నాయి. రెండు రోజుల పని పక్కన పెట్టి, ముందు చెప్పిన పద్ధతిలో దింపిన అసలు ఫైళ్ళ బైట్లతో మళ్ళీ మొదలుపెట్టాను. పాత తెలుగు పేజీల మీద పనిచేసేవాళ్ళకి నా మనవి ఇదొక్కటే: తెర మీంచి కాపీ చెయ్యకండి, పేజీని పీడీఎఫ్‌గా దాచి ఊరుకోకండి, అసలు ఫైలు దాచండి.

క్రావడి ఇంకో చిక్కు. "ప్ర" రాస్తే మనం పకారం ముందు అనుకుంటాం. ఈ ఫాంటులో క్రావడి ముక్క అక్షరానికి ముందు వస్తుంది, ఎందుకంటే అది ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది కదా. నంబర్లను వరసగా మార్చుకుంటూ పోతే క్రావడి తన అక్షరానికి కాకుండా అంతకు ముందున్న అక్షరానికి అంటుకుంటుంది. అది సర్దడానికి విడిగా ఒక నియమం రాయాల్సి వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది "మ". చాలా తెలుగు ఫాంట్లలో మకారానికి సొంత గది ఉండదు. వకారం ముక్కకి కొమ్ము తగిలిస్తే మకారం అవుతుంది. వకారానికి నిజంగా కొమ్ము పెడితే వచ్చే "వు" కూడా దాదాపు అవే ముక్కలతో ఉంటుంది. నా ప్రోగ్రాము "మామ"ని "వూవు" అనీ, "పువ్వు"ని "పుమ్వ" అనీ రాసేది. నిఘంటువుతో సరిచూద్దామంటే ఇవి జానపద మాటలు, సగం నిఘంటువుల్లో ఉండవు.

అప్పుడు అక్క వాళ్ళ అమ్మగారిని కూర్చోబెట్టారు. ఆవిడకి ఎనభై దాటాయి. అక్షరాలు ఇప్పుడు కనపడవు, పాటలు మాత్రం చాలావరకు గుర్తున్నాయి. రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఫోన్ స్పీకర్‌లో పెట్టేవాళ్ళు. నేను ఒక చరణం చదివేవాణ్ణి. తప్పు మాట రాగానే ఆవిడ ఆపేవారు. "అలా ఉండదు బాబూ, రోకటి పోటు దగ్గర మాట తెగాలి" అనేవారు. ఆ పోటు ఎక్కడ పడుతుందో నాకు తెలియదు. ఆవిడ చేత్తో మంచం పట్టె మీద తడుతూ పాడితే, మాట ఎక్కడ తెగాలో, దీర్ఘం ఎక్కడ ఉండాలో వినపడేది. "మ"కీ "వు"కీ తేడా చెప్పింది ఆ లయే. పద్దెనిమిది సాయంత్రాలు కూర్చున్నాం. ఒకసారి నేను సరిగ్గానే చదివినా ఆవిడ ఒప్పుకోలేదు. "మా ఊళ్ళో ఇలా పాడం. ఇది ఏటవతలి పాట" అన్నారు. చూస్తే మాస్టారు ఆ పాట కింద పశ్చిమ గోదావరి వైపు ఊరి పేరే రాసి ఉంచారు.

అక్టోబరు 9న ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగింది. కొన్ని రోజులు వేబ్యాక్ మెషీన్ తెరుచుకోలేదు. తర్వాత చూడటానికి వచ్చింది కానీ, కొత్త పేజీలు దాచే సదుపాయం తిరిగి రావడానికి నవంబరు అయింది. మా 96 ఫైళ్ళు సెప్టెంబరులోనే దింపుకున్నాం కాబట్టి సాయంత్రాలు ఆగలేదు. 2017 ఆగస్టులో కూడా సినిమా పైరసీ కేసులో మద్రాసు హైకోర్టు ఆదేశం వల్ల కొన్నాళ్ళు మన దేశంలో ఆ సైటు తెరుచుకోలేదు. అప్పటినుంచి నేను ఏ కేసైనా మొదటి వారంలోనే అన్నీ దింపేసుకుంటాను.

ఒక గొంతు, రెండు పేర్లు

జాబితాలో ఆరు పాటలకు "వినండి" అనే లింకు ఉంది. రియల్ ఆడియో రోజులవి. ఆ లింకు నొక్కితే ముందు ఒక చిన్న ఫైలు వస్తుంది, అందులో అసలు శబ్దం ఎక్కడుందో చెప్పే అడ్రస్ ఒక్కటే ఉంటుంది. ఆ చిన్న ఫైళ్ళు ఆరూ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అసలు శబ్దం ఫైలు ఒక్కటే దొరికింది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో మార్చి విన్నాను. చాలా కుదించిన శబ్దం, వెనక ఎక్కడో కాకులు, ఒక పెద్దావిడ ఊడ్పుల పాట పాడుతోంది. రెండు నిమిషాలు కూడా లేదు.

పాడిందెవరో పేజీలో లేదు. అక్క ఆ ఫైలు ఫోన్‌లో వేసుకుని ఊరికి వెళ్ళి వినిపించారు. ఒకావిడ ఒక పేరు చెప్పింది, రెండు వీధుల అవతల ఇంకొకావిడ ఇంకో పేరు చెప్పింది. ఇద్దరూ గట్టిగానే చెప్పారు. ఏదో ఒకటి తేల్చుకుందామని అక్క అన్నారు. నేను వద్దన్నాను. ఇద్దరి మాటా, ఎవరు ఎప్పుడు చెప్పారో కలిపి, ఆ పాట కిందే రాశాం.

ఖాళీలు

లెక్క ఇలా తేలింది. 47 పాటలు పూర్తిగా వచ్చాయి. మూడు పేజీలు మధ్యలో తెగిపోయాయి. 11 పాటలకు పేర్లు తప్ప ఏమీ లేవు.

మా ఇద్దరికీ వాదన జరిగింది ఈ 11 దగ్గరే. అచ్చులో వచ్చిన స్త్రీల పాటల సంకలనాల్లో అవే పేర్లతో పాటలు ఉన్నాయి, అవి తెచ్చి పెడదామని అక్క అన్నారు. ఆవిడ కోరిక నాకు అర్థమైంది. నాన్నగారి పని చిల్లులతో కనపడటం ఏ కూతురికీ నచ్చదు. కానీ ఆ పాట అన్ని ఊళ్ళల్లో ఒకేలా ఉండదని వాళ్ళమ్మగారే మాకు నేర్పారు. అచ్చు పుస్తకం పాట మాస్టారి పేజీలో పెడితే, రేపు ఎవరైనా చదివి కోనసీమలో ఇలా పాడేవారట అని రాస్తారు. అది మాస్టారి మీద మనం వేసే తప్పు సంతకం. ఒక రోజంతా ఆలోచించుకుని అక్క సరేనన్నారు. ఇప్పుడు ఆ 11 పేజీల్లో పాట పేరు, దాని కింద "2005 జాబితాలో ఉంది, నకలు దొరకలేదు" అనే ఒక్క వాక్యం ఉన్నాయి. దొరికిన పేజీలన్నిటి కిందా పాత అడ్రస్, నకలు తారీఖు, అసలు ఫైలుకి లింకు ఉన్నాయి. మేం అనుమానపడిన మాటల కింద చుక్కల గీత వేశాం.

గెస్ట్‌బుక్ మొదటి పేజీ కూడా దొరికింది. అమెరికా నుంచి, దుబాయ్ నుంచి రాసినవాళ్ళ మాటలు, వాళ్ళ ఈమెయిళ్ళు, ఇంటి ఫోన్ నంబర్లతో సహా ఉన్నాయి. అది కొత్త సైటులో పెట్టలేదు. ఇరవై ఏళ్ళ కింద ఒక మాస్టారిని మెచ్చుకుంటూ నంబరు రాసినవాళ్ళు, అది ఇప్పుడు ఎవరి ఫోన్‌లోనైనా కనపడటానికి ఒప్పుకున్నట్టు కాదు. దాని కాపీ అక్క దగ్గర మాత్రం ఉంది.

కొత్త సైటు ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలు, యూనికోడ్ తెలుగు. డేటాబేసు లేదు, ఏ ప్రత్యేకమైన ఫాంటూ అక్కర్లేదు. అన్నీ కలిపి ఒక వార్క్ ఫైలుగా చేశాం. ఆర్కైవ్‌లు వెబ్ పేజీలను దాచుకునే పద్ధతి అది, దానికి 2009 నుంచి ఐఎస్ఓ ప్రమాణం కూడా ఉంది. ఒక కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి ఎక్కించాం, ఒకటి అక్క పెన్‌డ్రైవ్‌లో, ఒకటి నా దగ్గర. నంబర్ల నుంచి తెలుగుకి మార్చే పట్టిక కూడా వాటితోనే పెట్టాం. ఆ ఫాంటుతో ఇంకో సైటు ఎక్కడైనా ఉంటే, దాన్ని విప్పేవాళ్ళకి పద్దెనిమిది సాయంత్రాలు పట్టకూడదు. పాటలన్నీ పెద్ద అక్షరాలతో అచ్చు తీసి, కుట్టించి, ఊళ్ళో గ్రంథాలయానికి ఇచ్చారు అక్క.

నవంబరు చివర్లో, పని ముగిసిందనుకున్నాక, అమ్మగారు ఆ 11 పేర్లు ఒకసారి చదవమన్నారు. చదివాను. నాలుగో పేరు దగ్గర ఆపి, నలుగు పాట ఒకటి, నాలుగు చరణాలు పాడారు. అయిదో చరణం గుర్తు రాలేదు. దాన్ని ఆ ఖాళీ పేజీలో పెట్టలేదు. ఆవిడ పేరుతో కొత్త పేజీ తెరిచి, పాడిన తారీఖు వేసి, అక్కడ పెట్టి, ఖాళీ పేజీ నుంచి దానికి లింకు ఇచ్చాం. ఆ తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ పాడుతున్నారు, అక్క రికార్డు చేసి పంపుతున్నారు. ఇప్పటికి తొమ్మిది వచ్చాయి. వాటిలో రెండు మాస్టారి జాబితాలో కూడా లేవు.